మాటతో సభను కట్టిపడేసిన బందరు మాస్టారు

కాలేజీ ఫెస్టులో పేకముక్కల మ్యాజిక్ చేసే కుర్రాణ్ని మీరూ చూసే ఉంటారు. ఒక ముక్క తీయమంటాడు, చూసుకోమంటాడు, మళ్ళీ కట్టలో పెట్టించి కలుపుతాడు, చివరికి మీ ముక్కే పైకి తీస్తాడు. అదే ట్రిక్కు ఇద్దరు చేస్తే ఒకడికి చప్పట్లు, ఇంకొకడికి ఆవులింతలు. చేతివాటం ఇద్దరిదీ ఒకటే. తేడా అంతా ముక్క తీసింది మొదలు చూపించేదాకా నడిపే కబుర్లలో ఉంది. ఆ కబుర్లు మనల్ని నవ్విస్తాయి, చూపు పక్కకు తిప్పుతాయి, చేసేవాడికి కాస్త టైమూ ఇస్తాయి.

ఈ కబుర్ల విద్యలో ఆరితేరిన మనిషి ఒకాయన మన డెల్టాలోనే పాఠాలు చెప్పారు. ఆయన చేతిలో ఉన్నది పేక కట్ట కాదు, పద్యం. బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేసిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి ఆయన. తిరుపతి వేంకట కవులనే జంటలో ఒకరు.

1870 ఆగస్టు 8న గోదావరి జిల్లా కడియంలో పుట్టారు. చిన్నతనం కొంత యానాంలో గడిచింది. చర్ల బ్రహ్మయ్యశాస్త్రి దగ్గర సంస్కృతం చదువుకుంటున్నప్పుడు దివాకర్ల తిరుపతిశాస్త్రి తోడయ్యారు. ఈయనకన్నా రెండేళ్ళు చిన్న, ఊరు యండగండి. మొదట్లో ఇద్దరికీ పోటీయే. వినాయక చవితి చందాల వసూళ్ళలో ఎవరు ఎక్కువ తెస్తారా అని పంతానికి పోయి, ఒకరి మాట నేర్పు ఇంకొకరు చూసి దోస్తులైపోయారు. ఆ తర్వాత ఎవరు రాసినా ఇద్దరి పేరు మీదే వెలువడాలని కట్టుబాటు చేసుకున్నారు.

స్నేహం సరే, బతకడం ఎలా? అప్పటికి సర్కారు కొలువులు ఎక్కువగా ఇంగ్లీషు చదివినవాళ్ళవి. వీళ్ళ దగ్గర ఉన్నది వ్యాకరణం, జ్ఞాపకశక్తి, నోరు. వాటితోనే జమీందార్ల ఊళ్ళ వెంట తిరిగి అవధానాలు చేయాలనుకున్నారు.

అవధానం చూడనివాళ్ళకి రెండు ముక్కలు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు అర్థంలేని పాదం ఇచ్చి పద్యం పూర్తి చేయమంటారు, అది సమస్య. ఇంకొకరు నాలుగు మాటలిచ్చి నాలుగూ పద్యంలో ఇమడాలంటారు, అది దత్తపది. మరొకరు అక్షరం అక్షరానికీ అడ్డుపడుతూ ఇది వాడొద్దంటారు, అది నిషిద్ధాక్షరి. ఒక్కొక్కరికీ ఒక్క పాదమే చెప్పి పక్కవారి దగ్గరకు వెళ్ళాలి. నాలుగు ఆవృత్తాలు తిరిగాక పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. శతావధానమైతే అడిగేవాళ్ళు వంద మంది.

వీళ్ళ మధ్యలో ఒకాయన ఉంటాడు, అప్రస్తుత ప్రసంగి. ఆయన పని అడ్డు తగలడమే. పద్యం మెదడులో తయారవుతుంటే ఇంట్లో ఇవాళ కూరేమిటనే రకం ప్రశ్న వేస్తాడు. దానికి సభ నవ్వేలా అప్పటికప్పుడు బదులు చెప్పాలి, లోపల మాత్రం పద్యం చెదరకూడదు. నిజానికి ఈ అడ్డంకే అవధానికి ఆయువుపట్టు. జనం నవ్వుతున్న ఆ కాసేపట్లో తర్వాతి పాదం కుదురుకుంటుంది. పేకముక్కలవాడి కబుర్లు చేసేదీ ఇదే పని. కాకపోతే ఇక్కడ దాచిపెట్టే ముక్క లేదు, ఉన్నదంతా సాధనే.

అవధానం వీళ్ళు కనిపెట్టింది కాదు. మాడభూషి వేంకటాచార్యుల వంటివారు ముందే చేశారు. కానీ అది ఎక్కువగా పండితుల మధ్య విద్య. ఈ జంట దాన్ని తేట తెలుగులో, చెవికి ఇంపైన పద్యంతో, చమత్కారంతో మామూలు జనం ముందు పెట్టింది. గద్వాల, ఆత్మకూరు, వెంకటగిరి అంటూ సంస్థానాలు తిరిగారు. మద్రాసు అడయారులో అనీబిసెంట్ ముందు కూడా అవధానం చేశారు.

వాళ్ళ మీసాల కథ వినే ఉంటారు. సంస్కృత పండితులకు మీసాలేమిటని ఎవరో ఎత్తిపొడిచారు. తెలుగులోనూ సంస్కృతంలోనూ తమను గెలిచేవాళ్ళు లేరనడానికే పెంచామని, గెలిస్తే తీసేసి దండం పెడతామని పద్యంలోనే జవాబిచ్చారు. తప్పు పట్టినవాణ్ని పోటీదారుగా మార్చేసి, ఇక చూస్కోండన్నారు. ఇది పొగరు కాదా అంటే, పొగరే. అయితే వెనకాల సరుకున్న పొగరు. ఆ నోరే కొన్నిసార్లు మితిమీరింది కూడా. వేంకట రామకృష్ణ కవులతో సాగిన వాదాలు 'గీరతం' అనే పుస్తకమంత అయ్యాయి. ఆ సమయంలో ఇంకో కావ్యం వచ్చి ఉండేదని నాకనిపిస్తుంది.

పోలవరం జమీందారు ఈ జంటను ఆస్థాన కవులుగా పెట్టుకున్నారు. చెళ్ళపిళ్ళ తర్వాత బందరు బడికి వచ్చారు. రాజసభల్లో నడిచిన నోరు పిల్లల ముందు నడుస్తుందా? నడిచింది. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు ఆయన శిష్యులే. పింగళి, కాటూరి గురువు గారి బాటలోనే జంటకవులయ్యారు. విశ్వనాథ మన బెజవాడ ఎస్‌ఆర్‌ఆర్ కాలేజీలో పాఠాలు చెప్పి, 1970 జ్ఞానపీఠం తెలుగుకు తెచ్చారు.

1920లో తిరుపతిశాస్త్రి పోయారు. ఆయనకింకా యాభై నిండలేదు. చెళ్ళపిళ్ళ మరో ముప్ఫై ఏళ్ళు బతికారు. ఒంటరిగా రాసినవి తన ఒక్కడి పేరుతో వేసుకుంటే అడిగేవారెవరు? అయినా జంట పేరు వదల్లేదు. 1949లో మద్రాసు ప్రభుత్వం ఆయన్ని ఆస్థాన కవిని చేసింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో శివరాత్రి నాడు కన్నుమూశారు.

ఇద్దరూ కలిసి రాసిన పాండవ నాటకాల్లో రాయబారం సీను ఈ చుట్టుపక్కల ఊళ్ళ తిరునాళ్ళలో ఇప్పటికీ కడతారు. హార్మోనియం ఎత్తుకోగానే ముందు వరసలో పెద్దాయన ఎవరో నటుడికన్నా ముందే పద్యం అందుకుంటాడు. అది దొరక్కపోతే లైబ్రరీలో చెళ్ళపిళ్ళ 'కథలు గాథలు' అడిగి చూడండి. ఏదో చెప్పడం మొదలెట్టి, మరెక్కడికో పోయి, మనం అసలు సంగతి మర్చిపోయామనుకునే సరికి, మొదట చూపించిన ముక్కనే పైకి తీస్తారు.