ఇల్లే మ్యూజియమైంది

మా పెద్దవంగర వైపు నుంచి హైదరాబాదు వెళ్లినవాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మను చూడందే తిరిగి రారు. అన్నీ పోగుచేసిన మనిషి సంగతి మాత్రం ఎవరూ అడగరు.

ఆయన మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్. 1889లో పుణేలో పుట్టారు. పసిగుడ్డుగా ఉండగానే తండ్రి పోయారు. 1912లో నిజాం దగ్గర దివాన్ అయ్యి, రెండేళ్లకే పదవి వదిలేశారు. పెళ్లి చేసుకోలేదు. ఇక జీవితమంతా కొనడమే: పింగాణీ, దంతపు కుర్చీలు, రాతప్రతులు, గడియారాలు. ముసుగు రెబెక్కా మాత్రం ఆయన కొన్నది కాదండోయ్, 1876లో తాతగారు రోమ్‌లో కొన్నది.

1949లో ఆయన పోయారు. పిల్లల్లేరు. 1951లో ఆయన ఇల్లు దివాన్ దేవిడీనే మ్యూజియంగా తెరిచారు. వస్తువులు సర్దింది జేమ్స్ కజిన్స్ అయినా గదులు ఆయనవే. మన ఇంటికొచ్చినవాళ్లకు అలమర చూస్తే మనమేంటో తెలిసిపోదూ? అలాగే అక్కడికి వెళ్లినవాళ్లకు ఆ ఒంటరి మనిషి కాస్తయినా తెలిసుంటాడు.

1968లో సామానంతా మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి మారింది. విశాలమైన గాలరీలు, వాటికి నెంబర్లు. లక్షలమంది చూడాలంటే అలాగే ఉండాలి, కాదనను. కానీ అందులో ఆయన పడకగది ఎక్కడని వెతకలేం.

దేవిడీని తర్వాత కూల్చేశారు. పాత ద్వారాలు మిగిలాయి.