విలియం హెర్షెల్ – దూరదర్శినిలో రెండవ దర్పణము

జర్మనీలోని హానోవరు నగరమున, 1738 నవంబరు 15వ తేదీన, ఒక సైనిక వాద్యకారుని యింట విలియం హెర్షెల్ జన్మించెను. తండ్రివలెనే సంగీతమును వృత్తిగా గైకొని, 1757లో ఇంగ్లండునకు వలసపోయి, 1766లో బాత్ పట్టణపు ప్రార్థనామందిరమున ఆర్గన్ వాద్యకారుడయ్యెను. పగలు శిష్యులకు సంగీతము చెప్పుచు, రాత్రులు గణితమును ఖగోళశాస్త్రమును చదువుకొనుచుండెను.

1773లో నక్షత్రములను స్వయముగా చూడవలెనను కోరిక ఆయనకు కలిగెను. పెద్ద దర్పణముల ధర ఆయన శక్తికి మించినది. అందుచే రాగిని తగరమును కలిపి కరగించి, దర్పణములను పోతపోయించి, తానే అరగదీసి మెరుగుపెట్టెను. మెరుగుపెట్టునపుడు చేయి ఆపరాదు. ఒకప్పుడు పదునారు గంటలు చేయి తీయకుండ ఆయన పనిచేయుచుండగా, చెల్లెలు కరోలిన్ ఆహారమును నోటి కందించెను.

1668లో న్యూటను నిర్మించిన పద్ధతినే హెర్షెల్ మొదట అనుసరించెను. గొట్టము అడుగుననున్న పుటాకార దర్పణము వెలుగును వెనుకకు మరల్చును. మూతికి సమీపమున 45 డిగ్రీల వాలుగా నిలిపిన చిన్న సమతల దర్పణము దానిని ప్రక్కనున్న అక్షికటకమువైపు త్రిప్పును. ఈ చిన్న దర్పణపు స్థానమే కీలకము. పెద్ద దర్పణమునుండి చిన్నదానికి, అచ్చటినుండి ప్రతిబింబమునకు గల దూరములు రెండును కలిసి నాభ్యంతరమునకు సమానమగును. చిన్న దర్పణమును మితిమీరి పైకి జరిపినచో ప్రతిబింబము గొట్టములోపలనే నిలిచి కంటి కందదు. క్రిందికి జరిపినచో వెలుగు పుంజము అచ్చట వెడల్పుగా నుండుటచే మరింత పెద్ద సమతల దర్పణము కావలసివచ్చును. అది లోనికి వచ్చు వెలుగునే అడ్డగించును.

ఇట్టి ఏడడుగుల దూరదర్శినితోనే 1781 మార్చి 13వ తేదీ రాత్రి ఆయన యురేనస్ గ్రహమును కనుగొనెను. మొదట దానిని తోకచుక్కగా భావించెను. 1782లో మూడవ జార్జి రాజు ఏటికి 200 పౌనుల వేతన మేర్పరుపగా సంగీతవృత్తిని విడిచెను.

అయినను ఒక లోపము ఆయనను బాధించుచుండెను. నాటి లోహదర్పణము తనపై బడిన వెలుగులో సుమారు మూడింట రెండు వంతులే తిప్పి పంపును. రెండు దర్పణములు దాటునప్పటికి సగముకూడ మిగులదు. అందుచే తన ఇరువది అడుగుల దూరదర్శినిలో చిన్న దర్పణమును తొలగించి, పెద్ద దర్పణమునే కొంచెము వాల్చి, ప్రతిబింబమును గొట్టపు అంచున పడునట్లు చేసెను. చూచువాడు ఆకాశమునకు వీపుపెట్టి గొట్టములోనికి చూడవలెను. 1787 జనవరిలో యురేనస్ ఉపగ్రహములు రెండు ఆ పద్ధతిచేతనే దొరకెను. 1789లో పూర్తియైన నలువదడుగుల దూరదర్శినియు అట్టిదే.

1822 ఆగస్టు 25వ తేదీన స్లౌ గ్రామమున హెర్షెల్ మరణించెను. గాజుపై వెండిపూత వచ్చిన పిమ్మట వెలుగు నష్టము తగ్గి, చిన్న దర్పణము మరల తన చోటికి చేరినది. నేడు ఇంటియొద్ద దూరదర్శినిని నిర్మించుకొను విద్యార్థి మొదట లెక్కింపవలసినది ఆ చోటునే.