చలనచిత్ర పితామహుడు ఫాల్కే

హరిశ్చంద్రుని కథ తెలియని తెలుగువాడు లేడు. బలిజేపల్లి వారి నాటకము పుణ్యమా అని కాటిసీను పల్లెపల్లెకును పరిచితమైనది. ఆడిన మాటకై ఆలిని, బిడ్డను అమ్ముకొన్న రాజు కథ అది. మన దేశమున తయారైన తొలి పూర్తి నిడివి కథాచిత్రముగా ఎన్నబడు చిత్రమునకు ఈ కథయే వస్తువగుట విశేషము. దానిని నిర్మించిన దాదాసాహెబ్ ఫాల్కే సైతము ఒక సంకల్పమునకై తన సర్వస్వమును ఒడ్డినవాడే. ఆయన ఇల్లాలును, బిడ్డయు ఆ పరీక్షలో పాలుపంచుకొన్నవారే.

ఆయన అసలు పేరు ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే. నాసిక్ సమీపమున గల త్ర్యంబకేశ్వరమున 1870 ఏప్రిల్ 30వ తేదీన జన్మించినాడు. తండ్రి సంస్కృత పండితుడు. బొంబాయిలోని జె.జె. కళాశాలలోను, పిమ్మట బరోడా కళాభవనములోను విద్య నభ్యసించి చిత్రలేఖనము, ఛాయాగ్రహణము, అచ్చుపని నేర్చినాడు. గోధ్రాలో ఫొటోలు తీయుచు బ్రతుకుచుండగా ప్లేగు వ్యాధి ఆయన మొదటి భార్యను, బిడ్డను పొట్టన పెట్టుకొన్నది. పిమ్మట పురావస్తు శాఖలో కొంతకాలము పనిచేసి, భాగస్వాములతో కలిసి ముద్రణాలయము నడపినాడు. వారితో పొసగక దానిని విడిచినాడు. అప్పటి కాయనకు నలుబది యేండ్లు నిండినవి. సంసారమున్నది, ఆదాయము లేదు.

1911లో బొంబాయిలో క్రీస్తు జీవితమును గూర్చిన విదేశీ చిత్రమొకటి ఆయన కంటబడినది. తెరపై క్రీస్తు కదలుచుండగా ఆయన మనస్సులో రాముడును, కృష్ణుడును మెదలినారట. నాటి నుండి రేయింబవళ్లు చిత్రములు చూచుటయే పని. ఆ శ్రమకు ఓర్వలేక కన్నులు కొంతకాలము చూపును గోల్పోయినవి. చికిత్సతో చూపు తిరిగి వచ్చినది. పట్టుదల మాత్రము సడలలేదు. జీవిత బీమా పత్రమును కుదువబెట్టి 1912లో లండను వెళ్లినాడు. అక్కడ ముఖపరిచయమైనను లేని ఒక సినిమా పత్రికా సంపాదకుని కలిసికొని, ఆయన సహాయమున చిత్రనిర్మాణము జరుగు తీరును కన్నులార చూచి, కెమేరా కొనుక్కొని వచ్చినాడు.

తెలియని విద్యకు పెట్టుబడి పెట్టువా రెవరు? ఫాల్కే కుండీలో ఒక బఠాణీ గింజను నాటి, అది మొలకెత్తి తీగసాగు వరకు దినదినమును కొద్దికొద్దిగా ఫిల్ముపై పట్టినాడు. మాసము దినముల ఎదుగుదల తెరపై నిమిషములో కనబడినది. దానిని చూచిన పిదపనే ధనము పుట్టినది. చాలని దానికి సరస్వతీబాయి నగలు ఆసరా అయినవి.

సరస్వతీబాయి ఫాల్కే రెండవ భార్య. నాడు వచ్చెడి ముడి ఫిల్మునకు అంచున రంధ్రము లుండెడివి కావు. రాత్రులందు చీకటిగదిలో కూర్చుండి వానిని చేసినది ఆమె. రసాయనములు కలిపి ఫిల్మును కడిగినది ఆమె. పగలు బృందమున కంతటికి వండి వడ్డించినదియు ఆమెయే. కుమారుడు భాలచంద్రుడు లోహితాస్యుని వేషము ధరించినాడు. చంద్రమతి వేషమునకు మాత్రము ఏ స్త్రీయు ముందుకు రాలేదు. తుదకు ఫలాహారశాలలో వంటవాడైన సాళుంకే అను సుకుమారుడైన యువకుడు ఆ పాత్రను ధరించినాడు. అట్లు రూపొందిన 'రాజా హరిశ్చంద్ర' 1913 మే 3వ తేదీన బొంబాయి కారొనేషన్ చిత్రశాలలో విడుదలై జనాదరణ పొందినది. ఆ సంవత్సరమే తీసిన 'మోహినీ భస్మాసుర'లో దుర్గాబాయి కామత్, ఆమె కుమార్తె కమలాబాయి నటించి, ఆ సంకోచమును తొలగించినారు.

మొదటి ప్రపంచయుద్ధము వచ్చి ముడి ఫిల్ము కరువైనను ఆయన ఆగలేదు. 1917లో 'లంకాదహనము' తీసినాడు. అందు రాముడును, సీతయు సాళుంకేయే! 1919 నాటి 'కాళీయమర్దనము'లో కుమార్తె మందాకిని బాలకృష్ణుడైనది.

అయితే 1918లోనే ధనికులు భాగస్వాములుగా హిందూస్థాన్ ఫిల్మ్ కంపెనీ వెలసినది. డబ్బునకు కొరత తీరినది. స్వేచ్ఛకు కొరత వచ్చినది. ఇంటిలో చేసిన కాలమున ఎంత వ్యయము, ఎంత వ్యవధి అన్నది ఆయన ఇష్టము. కంపెనీలో అది లెక్కల పుస్తకము మాట. విభేదములు ముదిరి ఆయన కాశీకి పోయి, 'రంగభూమి' అను నాటకము వ్రాసికొనుచు కూర్చున్నాడు. తిరిగి వచ్చి చిత్రములు తీసినను వెనుకటి ఊపు రాలేదు. 1931లో మాటలాడు చిత్రము వచ్చుటతో మూకీల యుగము ముగియసాగినది. కొల్హాపూరులో 1937లో తీసిన 'గంగావతరణము' ఆయన తుది చిత్రము. నాసిక్‌లో 1944 ఫిబ్రవరి 16వ తేదీన, లోకము దాదాపు మరచిన స్థితిలో, ఆయన కన్నుమూసినాడు.

మరణించిన పాతికేండ్లకు, 1969లో, కేంద్రప్రభుత్వము ఆయన పేర పురస్కారమును నెలకొల్పినది. మన బి.ఎన్. రెడ్డి, ఎల్.వి. ప్రసాద్, అక్కినేని నాగేశ్వరరావు దానిని అందుకొన్నవారే. ఆయన చిత్రములలో పెక్కు నశించినవి. 'రాజా హరిశ్చంద్ర'కు సైతము కొన్ని చుట్టలే మిగిలినవి.

కీర్తి ఆలస్యముగా వచ్చినది, అదియు భర్త పేరనే వచ్చినది. చీకటిగదిలో ఫిల్ము అంచున రంధ్రములు చేసిన చేతులకు బిరుదము లేదు. విద్యార్థులకు ఫాల్కే కథ చెప్పునపుడు ఉపాధ్యాయులు ఆ చేతులను గూర్చియు ఒక మాట చెప్పవలెను. చంద్రమతి లేక హరిశ్చంద్రుని సత్యము నిలువలేదు గదా!