సముద్ర విద్యకు ముఅల్లిం ఇబ్నె మాజిద్

కళింగపట్నం, బారువ, చింతపల్లి తీరాల్లో ఇప్పుడు ఎక్కువగా ఇంజను బోట్లే కనిపిస్తాయి. కాని తెరచాప కట్టిన తెప్పల మీద వేటకు వెళ్ళిన మన పెద్దలకు ఒక సంగతి బాగా తెలుసు. తెడ్డును బిగించి పట్టుకున్నంత మాత్రాన పడవ దారికి రాదు. తెరచాప మీద గాలి తోపు ఒకచోట పడుతుంది. పక్కకు జారకుండా పడవ అడుగు నీటిని పట్టి ఉంచే చోటు మరొకటి. ఆ రెండూ ఇంచుమించు ఒకే వరుసలో ఉంటేనే నడక తిన్నగా ఉంటుంది. తోపు వెనక్కి పడితే ముక్కు గాలివైపు తిరుగుతుంది. ముందుకు పడితే గాలికి ఎడంగా పోతుంది. తెడ్డుతో బలవంతం చేస్తే వేగం తగ్గడమే మిగులుతుంది. చాపను సవరించాలి, లేదా బరువును జరపాలి.

నీటిలోకి దిగకముందే ఓడ గుణం తెలుసుకోవాలని బోధించిన మహానుభావుడు అహ్మద్ ఇబ్నె మాజిద్. ఆయన 15వ శతాబ్దంలో జుల్ఫార్‌లో జన్మించారు. అది నేటి యు.ఎ.ఇ.లోని రాసల్ ఖైమా ప్రాంతం. తండ్రి, తాత ఇద్దరూ ముఅల్లింలే, అంటే ఓడకు దారి చూపే నిపుణులు. వారి విద్యను ఆయన ఎంతో గౌరవించారు. అయినా తన అనుభవంలో తేడా కనిపించిన చోట సరిదిద్దడానికి వెనుకాడలేదు.

1462లో ఆయన నౌకా విద్యపై పద్యగ్రంథం వ్రాశారు. ఖిబ్లా దిశను కనుగొనే విధానాన్నీ పద్యాల్లో చెప్పారు. 1490 ప్రాంతంలో పూర్తయిన కితాబుల్ ఫవాయిద్ ఆయన రచనల్లో ప్రసిద్ధమైనది. దిక్సూచి, నక్షత్రాలు, రుతుపవనాలు, తీరాల గుర్తులు అన్నీ అందులో ఉన్నాయి. నాటి అరబ్బు ఓడల పలకలను కొబ్బరి తాళ్ళతో కుట్టేవారు. ఏటవాలు వాసానికి పెద్ద తెరచాప కట్టేవారు. అలాంటి ఓడ ఒడ్డున ఉండగానే ముఅల్లిం దాన్ని పరిశీలించి, లోపాలను వ్రాసిపెట్టుకోవాలని ఆయన సలహా. నడిసముద్రంలో తెలిసే లోపానికి మూల్యం ప్రాణాలే కదా!

ఇంతటి విద్వాంసుడి మీద ఒక నింద పడింది. 1498లో వాస్కోడగామాకు మలిందీ నుండి కాలికట్‌కు దారి చూపింది ఆయనేనని, అదీ మత్తులో ఉండగా చూపారని 16వ శతాబ్దంలో మక్కా చరిత్రకారుడు నహ్రవాలీ వ్రాశారు. ఆ మాట ఎన్నో పుస్తకాలకెక్కింది. అయితే పోర్చుగీసు వారి వ్రాతల్లో ఆ మార్గదర్శి గుజరాతీ ముస్లిం అని ఉంది. అందుకే నేటి పరిశోధకుల్లో చాలామంది ఆ కథను అంగీకరించడం లేదు.

తేదీ తెలిసిన ఆయన చివరి రచన 1500 నాటిది. తండ్రి మాటనైనా అనుభవంతో సరిచూసుకున్న మనిషిని మనం వినికిడి మాటతో తూచడం న్యాయం కాదు. పిల్లలకు ఆయన కథ చెప్పేటప్పుడు ఆ నిందను కాక ఆయన విద్యను చెబుదాం. పడవనైనా, మాటనైనా పరీక్షించాకే నమ్మాలని ఆయన జీవితం మనకు నేర్పుతోంది.