వ్రేళ్లకు చదువు నేర్పిన లూయీ బ్రెయిలీ



చూపులేనివాని దారిలో కాలికి తగులు దేనినీ పెట్టరాదని లేవీయకాండము 19వ అధ్యాయములో ఒక ఆజ్ఞ గలదు. దానిని చదువునప్పుడు మనకు రాయియో మొద్దో తలంపునకు వచ్చును. అయితే కంటికి మాత్రమే అందు పుస్తకమును, చూపుగలవారికే అనువైన బడియు వారికి అడ్డుబండలే. ఈ సంగతిని తన బ్రదుకంతటిచేత లోకమునకు తెలిపిన లూయీ బ్రెయిలీ చరిత్రను ఈ మాసము మీ ముందుంచుచున్నాము.

లూయీ 1809వ సంవత్సరము జనవరి 4వ తేదీన ఫ్రాన్సు దేశములో, పారీసు పట్టణమునకు తూర్పుగా ఇంచుమించు 40 కిలోమీటర్ల దూరముననున్న కూవ్రే అను పల్లెలో జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టి జీవించువాడు. లూయీ మూడేండ్లవాడైయుండగా తండ్రి పనిచేయుచోట ఆరె తీసికొని తోలు పొడువబోయెను. ఆ మొన జారి కంటిలో గ్రుచ్చుకొనెను. పుండు చెడకుండ ఆపగల మందులు ఆ దినములలో లేవు. చీము రెండవ కంటికిని ప్రాకెను. అయిదేండ్లు నిండునప్పటికి చూపు పూర్తిగా పోయెను.

ఆ కాలమున చూపులేని బీదపిల్లలలో అనేకులకు బిచ్చమెత్తుటయే గతి. లూయీ తల్లిదండ్రులు మాత్రము అతనిని మూలను కూర్చుండబెట్టలేదు. ఊరి గురువుగారు పాఠములు చెప్పిరి. బడిపంతులు చూపుగల పిల్లల నడుమనే అతనికి చోటిచ్చెను. విన్నదంతయు లూయీ జ్ఞాపకముంచుకొనెడివాడు. కాని తక్కినవారు పుస్తకము తెరచునప్పుడు అతడు ఊరక కూర్చుండవలసినదే. బడిలో చోటు దొరికెను గాని చదువునకు త్రోవ దొరకలేదు.

1819లో, పదియేండ్ల ప్రాయమున, అతడు పారీసులోని అంధబాలుర పాఠశాలలో చేరెను. దానిని స్థాపించినవాడు వాలెంతీన్ ఆయుయీ అను ధర్మాత్ముడు. అచ్చటి పుస్తకములలో మామూలు అక్షరములనే దళసరి కాగితముపై ఉబ్బెత్తుగా ఒత్తియుండిరి. అక్షరము పెద్దది, పుస్తకము బరువు, దాని తయారీకి ఖర్చు విస్తారము. పిల్లలు ఒక్కొక్క అక్షరపు వంపును తడిమి తెలిసికొనుచు మెల్లమెల్లగా చదువవలసివచ్చెను. ఆ రీతిగా స్వయముగా వ్రాసికొనుట మరియు కష్టము. ఆ అక్షరములు కంటికి అనువైనవేగాని వ్రేలికి అనువైనవి కావు.

1821లో షార్ల్ బార్బియే అను సేనాధికారి ఉబ్బెత్తు చుక్కలతో తాను కనిపెట్టిన వ్రాతను ఆ పాఠశాలకు తెచ్చెను. అందు ఒక్కొక్క గుర్తునకు 12 చుక్కల వరకు గలవు. అన్ని చుక్కలు వ్రేలికొన క్రింద ఒక్కమారు ఇమడవు. అది ధ్వనులను తెలుపునేగాని మాటల వర్ణక్రమమును తెలుపదు. లూయీ దానిని విడువక, సెలవులలో ఇంటికి వెళ్లినప్పుడు సయితము, కాగితముపై చుక్కలు పొడిచి పరీక్షించుచుండెను. 1824 నాటికి, పదునైదేండ్ల వయస్సున, రెండు నిలువు వరుసలలో మూడేసి చొప్పున ఆరు చుక్కలతో తన లిపిని సిద్ధపరచెను. ఆ ఆరింటిని కలిపియు విడదీసియు 63 గుర్తులు చేయవచ్చును. అక్షరములు, అంకెలు, సంగీత స్వరములు అన్నియు అందులో ఇముడును. ఒక్కొక్క గుర్తు వ్రేలికొన క్రింద సరిగా సరిపోవును. 1829లో ఈ పద్ధతిని వివరించు పుస్తకము అచ్చుపడెను.

లూయీ అదే పాఠశాలలో ఉపాధ్యాయుడాయెను. పారీసులోని ఒక దేవాలయములో ఆర్గను వాయించుచుండెను. క్షయరోగము అతనిని పట్టుకొనెను. ఇంతలో మరియొక కష్టము వచ్చెను. 1840లో పాఠశాల పెత్తనము ద్యూఫో అను నతనికి వచ్చెను. అతడు చుక్కల లిపిని తరగతులనుండి తీసివేసెను. అతడు అంధులయెడల పగగలవాడు కాడు. చూపుగలవారి అక్షరములకును అంధుల అక్షరములకును పోలికయుండవలెనని అతని తలంపు. తాను చదువలేని వ్రాతను పిల్లలు వ్రాయుట అతనికి యుక్తముగా తోచలేదు. ఈ తలంపులో పెద్దల అనుకూలము కలదుగాని పిల్లల అనుకూలము లేదు. మేలు కోరువారు సయితము అడ్డుబండ వేయగలరని మనము ఇందువలన గ్రహింపవలెను.

పిల్లలు ఆ చుక్కలను మానలేదు, చాటుగా వ్రాసికొనుచుండిరి. సహాయాధికారి గాదే వారి పక్షమున మాటలాడి ద్యూఫో మనస్సు త్రిప్పెను. 1844లో క్రొత్త భవనము తెరచినప్పుడు ఆ లిపితో చదువుటయు వ్రాయుటయు అందరి యెదుట చూపబడెను. లూయీ 1852 జనవరి 6వ తేదీన, 43 ఏండ్ల వయస్సున కన్నుమూసెను. రెండేండ్లకు, అనగా 1854లో, ఫ్రాన్సు దేశము ఆ లిపిని అంగీకరించెను. నూరేండ్ల తరువాత, 1952లో, అతని అస్థులను పారీసులోని మహనీయుల సమాధి మందిరమునకు చేర్చిరి. చేతుల ఎముకలు మాత్రము కూవ్రే పల్లెలోనే నిలిచినవి.

మన దేశములో 1951లో భారతీ బ్రెయిలీ ఏర్పడగా, తెలుగునకును అవే ఆరు చుక్కలు వచ్చినవి. లూయీకి జరిగిన అన్యాయమునకు నేడు చట్టములో పేరున్నది. ఐక్యరాజ్యసమితి 2006లో వికలాంగుల హక్కుల ఒడంబడికను అంగీకరించెను. భారతదేశము 2007లో దానిని స్థిరపరచెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము తగిన ఏర్పాటు చేయ నిరాకరించుట కూడ వివక్షయే. మోయరాని భారము కానంతవరకు ఆ ఏర్పాటు చేయవలసినదే. పరీక్షలో వ్రాసిపెట్టు మనిషిని, అదనపు సమయమును ఇచ్చుట ఇట్టిది. అందరికిని ఒకే పుస్తకమిచ్చితిమి, ఇక మా బాధ్యత తీరెనని చెప్పుటకు వీలులేదు.

ప్రియులారా, చూపులేని బిడ్డకు ఒక ముద్ద అన్నము పెట్టి అదే ధర్మమని మన ఊళ్లలో తృప్తిపడుచుందుము. అన్నము మంచిదే. అయితే ఆ బిడ్డకు రావలసినది ఇంకను కలదు. మీ వీధిలో అట్టి బిడ్డ యింట కూర్చుండియున్నయెడల, తల్లిదండ్రులతో మాటలాడుడి. వారితోకూడ బడికి వెళ్లి ప్రధానోపాధ్యాయుని కలిసికొని బ్రెయిలీ పుస్తకములు, నేర్పు ఉపాధ్యాయుడు కావలెనని అడుగుడి. చేతులు నలుపుకొనుచు దానమడిగినట్లు అడుగనక్కరలేదు. న్యాయముగా రావలసినదానిని మర్యాదతో అడుగుడి. మొదటిసారి కాదన్నయెడల వ్రాతమూలముగా మరల అడుగుడి.