జాకీ రాబిన్సన్ మౌనము

అమెరికాదేశపు బేస్‌బాలు క్రీడాచరిత్రమున 1947వ సంవత్సరమునకు గల ప్రాధాన్యము మఱి యే సంవత్సరమునకును లేదు. ఆ యేటి ఏప్రిల్ 15వ తేదీన న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్ భాగమున, ఎబెట్స్ ఫీల్డ్ అను క్రీడారంగమునందు, డాడ్జర్స్ జట్టు పక్షమున ఒక నల్లజాతి యువకుడు ఆడుటకు దిగెను. అంతకు పూర్వము అఱువది యేండ్లకు పైబడి ఆ దేశపు ఉన్నతశ్రేణి జట్లలో నల్లవాడు అడుగుపెట్టి యెఱుగడు. నిషేధించు శాసన మెచ్చటను లేదు. జట్ల యజమానుల నడుమ ఒక లోపాయకారీ కట్టుబాటు మాత్రము గలదు. అది వ్రాసిన శాసనముకంటె గట్టిది. ఆ కట్టుబాటును త్రెంచిన జాకీ రాబిన్సన్ ఓర్పును గూర్చి ఆ దేశమున విననివారు లేరు. ఆ యోర్పునకు నియమములు విధించిన దెవరు, అది యెన్నాళ్లు నిలిచినది, నియమము తీరిన పిదప ఆ మనుష్యు డేమి చేసెను అను సంగతులు మాత్రము తఱచుగా మఱుగుపడుచున్నవి. మే మిచ్చట వాని నెత్తుకొనుచున్నాము.

జార్జియా రాష్ట్రమున కైరో అను చిన్న పట్టణము చెంత 1919 జనవరి 31వ తేదీన రాబిన్సన్ జన్మించెను. తల్లిదండ్రులు పరుల భూమిని పాలునకు సేద్యము చేసి బ్రదుకువారు. తండ్రి ఇల్లు విడిచిపోయెను. తల్లి మాలీ 1920లో ఐదుగురు బిడ్డలతో రైలెక్కి, ఖండము నడ్డముగా దాటి, కాలిఫోర్నియాలోని పాసడీనా నగరము చేరి, తెల్లవారి యిండ్లలో పనిచేసి వారిని పెంచెను. అన్న మాక్ రాబిన్సన్ 1936లో బెర్లిన్ ఒలింపిక్ పోటీలలో 200 మీటర్ల పరుగున జెస్సీ ఓవెన్స్ వెనుక రెండవవాడై వెండిపతకము గెలిచెను. అట్టివానికి స్వనగరమున దొఱకిన యుద్యోగము వీథులూడ్చుట. ఇది చూచి పెరిగిన తమ్ముని స్వభావము మెత్తనిది కాకుండుటలో వింత లేదు.

లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున నాలుగు క్రీడలలో గౌరవచిహ్నమును బడసిన మొదటి విద్యార్థి ఆయనయే. ఆ నాల్గింటిలో బేస్‌బాలు అప్పటి కాయనకు కడగొట్టు విద్య. యుద్ధకాలమున సైన్యమునం జేరి 1943లో సెకండు లెఫ్టినెంటు పదవి నందెను. 1944 జూలైలో టెక్సాస్‌లోని క్యాంప్ హుడ్ చెంత బస్సు నడుపువాడు వెనుకకు పోయి కూర్చుండు మనగా రాబిన్సన్ కదలలేదు. మాటకు మాట సమాధాన మిచ్చెను. సైనికన్యాయస్థానమున విచారణ జరిగి నిర్దోషిగా విడుదల పొందెను. ఈ వృత్తాంతమును చదువరులు గుర్తుంచుకొనవలెనని మా మనవి. తరువాత ఓర్పునకు మాఱుపేరుగా ప్రసిద్ధికెక్కినవాడు పుట్టుకచేత ఓర్చుకొనువాడు కాడు.

సైన్యమును వీడిన పిదప 1945లో నల్లవారి ప్రత్యేక లీగులోని కాన్సస్ సిటీ మొనార్క్స్ జట్టున ఆడుచుండెను. డాడ్జర్స్ జట్టు అధ్యక్షుడు బ్రాంచ్ రికీ ఆ యేటి ఆగస్టు 28వ తేదీన బ్రూక్లిన్‌లోని తన కార్యాలయమునకు ఆయనను పిలిపించెను. రికీ దైవభక్తి గలవాడు, న్యాయశాస్త్రము చదివినవాడు, వ్యాపారమున మిక్కిలి గడుసరి. వర్ణభేదము పాపమని ఆయన నమ్మిన మాట నిజము. నల్లజాతి క్రీడాకారులలో చౌకగా దొఱకు ప్రతిభ గలదనియు, టిక్కెట్టు కొనగల ప్రేక్షకులు గలరనియు ఆయన యెఱుగుటయు నిజమే. మొనార్క్స్ జట్టువారికి ఆయన ఒక్క డాలరైనను పరిహార మీయలేదు. ధర్మము, వర్తకము ఒకే బండికి కట్టిన ఎద్దులైనపుడు బండి వేగముగా నడచుననుటకు రికీయే నిదర్శనము.

ఆనాడు మూడుగంటల సేపు సంభాషణ జరిగెను. హోటలు గుమాస్తావలె, ఎదుటి జట్టు ఆటగానివలె, రైలులోని వడ్డనవానివలె నటించుచు రికీ రాబిన్సన్‌ను నోటికి వచ్చినట్లు తిట్టి పరీక్షించెను. తిరిగి కొట్టక, తిరిగి తిట్టక ఉండగల ధైర్యము గలదా యని ప్రశ్న. మూడేండ్లపాటు అట్లుండుటకు రాబిన్సన్ ఒప్పుకొనెను. మన దేశీయులకు ప్రతీకారము చేయకుండుట యొక వ్రతముగా తెలిసిన విషయము. అయితే సత్యాగ్రహి తన వ్రతమును తానే యెంచుకొనును. ఎదిరించుట అతని వ్రతములో నొక భాగము. ఇచ్చట యజమాని నియమము వేసెను, ఉద్యోగి యంగీకరించెను. తాను తప్పటడుగు వేసినచో తన జాతివా రందఱికిని తలుపు మఱల మూతపడునని యెఱిగి యంగీకరించెను. ఈ భేదమును గమనింపక ఆయనను శాంతమూర్తిగా కొనియాడుట ఆయనపట్ల అన్యాయమని మా యభిప్రాయము.

1946లో ఆయనను డాడ్జర్స్‌కు లోబడిన మాంట్రియాల్ రాయల్స్ జట్టునకు పంపిరి. అచ్చట బ్యాటింగులో ఆ లీగునకే ప్రథముడయ్యెను. కెనడా ప్రజలు ఆయనను నెత్తిన బెట్టుకొనిరి.

మరుసటి యేడు డాడ్జర్స్‌లో చేర్చుకొను ప్రయత్నము మొదలయ్యెను. ఫ్లారిడాలోని వర్ణభేద నియమములను తప్పించుకొనుటకు రికీ జట్టు శిక్షణమును క్యూబాలోని హవానాకు మార్చెను. ఆ శిక్షణకాలమున తొలి విఘ్నము స్వంత జట్టునుండియే వచ్చెను. దక్షిణరాష్ట్రములవారైన కొందఱు ఆటగాండ్రు నల్లవానితో కూడి యాడజాలమని విన్నపపత్రము సిద్ధపఱచిరి. మేనేజరు లియో డురోషర్ అర్ధరాత్రమున అందఱిని నిద్రలేపి ఆ పత్రమును మొగ్గలోనే త్రుంచెను. కాని ఋతువు మొదలు కాకమునుపే వేఱొక కారణమున అతడు ఏడాదిపాటు బహిష్కృతుడు కాగా, వృద్ధుడైన బర్ట్ షాటన్ ఆ స్థానమునకు వచ్చెను. రాబిన్సన్‌కు అలవాటైన స్థానమున ఎడ్డీ స్టాంకీ యుండుటచే, ఎన్నడును ఆడి యెఱుగని మొదటి బేసు నొద్ద నిలిచి కొత్తపని నేర్చుకొనవలసి వచ్చెను.

ఏప్రిల్ 15వ తేదీన బోస్టన్ బ్రేవ్స్‌పై జరిగిన ఆ తొలి యాటలో రాబిన్సన్ బ్యాటుతో ఏమియు సాధింపలేదు. అయినను గెలుపునకు చాలిన పరుగు ఆయనదే. డాడ్జర్స్ 5-3గా నెగ్గిరి. వారము తిరుగగానే ఫిలడెల్ఫియా జట్టు వచ్చెను. ఆ జట్టు మేనేజరు బెన్ చాప్మన్ తన మనుష్యులతో గూడి పంక్తికట్టి ఉచ్చరింపరాని దూషణములతో రాబిన్సన్‌ను వేధించెను. తన జీవితమున నియమము తప్పుటకు మిక్కిలి చేరువైన దినము అదియేనని రాబిన్సన్ తరువాత తన ఆత్మకథలో ఒప్పుకొనెను. బ్యాటు పాఱవైచి ఆ మూకలోనికి పోయి ఒకని దవడ పగులగొట్టి, ఈ మహాప్రయోగమునకు స్వస్తి చెప్పుదమా యని ఆయనకు తోచినదట. పోలేదు. ఆ దినము ఎనిమిదవ విడతలో బంతిని కొట్టి మొదటి బేసు చేరెను. రెండవ బేసును దొంగిలించెను. ఎదుటివారు విసరిన బంతి తప్పిపోగా మూడవదానికి పరుగెత్తెను. తోటివాని దెబ్బకు ఇల్లు చేరెను. ఆటలో నమోదైన పరుగు అదొక్కటియే. డాడ్జర్స్ 1-0గా గెలిచిరి.

బేసు దొంగిలించుట యననేమో మా చదువరులకు చెప్పవలసియున్నది. ఈ యాటలో చతురస్రముగా నాలుగు మజిలీలుండును. బంతి కొట్టినవాడు ఒక మజిలీ చేరి, తరువాతివాడు కొట్టుదనుక వేచియుండుట సాధారణము. గుండె గలవాడు వేచియుండక, బంతి విసరువాని కన్నుగప్పి ముందరి మజిలీకి దూకును. చిక్కినచో ఆ విడతకు వాని పని సరి. రాబిన్సన్ ఆ సంవత్సరమున 29 మార్లు ఇట్లు దొంగిలించి నేషనల్ లీగులో ప్రథముడయ్యెను. మజిలీనుండి నాలుగడుగులు ముందుకు వచ్చి, పోవునట్లు నటించి, వెనుదిరిగి, విసరువాని మనస్సును చెదరగొట్టుట ఆయన పద్ధతి. రికీ విధించిన నియమము నోటికిని చేతులకును గాని కాళ్లకు లేదు. తనను తిట్టినవారికి ఆయన ప్రత్యుత్తర మెచ్చట నిచ్చెనో దీనివలన గ్రహింపవచ్చును.

కష్టము లంతతో తీరలేదు. సెయింట్ లూయీ కార్డినల్స్ జట్టువారు రాబిన్సన్ కెదురుగా ఆడమని సమ్మెకు తలపెట్టుచున్నారని మే 9వ తేదీన న్యూయార్కు హెరల్డ్ ట్రిబ్యూన్ పత్రిక ప్రకటించెను. ఆటగాండ్రు కాదనిరి, లీగు అధ్యక్షుడు ఫోర్డ్ ఫ్రిక్ సమ్మె చేసినవారికి బహిష్కారము తప్పదని యెచ్చరించెను. ఫిలడెల్ఫియాలో హోటలువారు జట్టునకు గదు లీయ నిరాకరించిరి. (ఆ నగర పాలకమండలి క్షమాపణము చెప్పుటకు 2016 వఱకు వేచియుండవలసివచ్చెను.) చంపుదుమని జాబులు వచ్చుచుండెను. బంతి విసరువారు ఆయన దేహమునకు తగులునట్లు తొమ్మిది మార్లు విసరిరి. ఆగస్టు 20వ తేదీన కార్డినల్స్ ఆటగాడు ఈనస్ స్లాటర్ పరుగున వచ్చి ముండ్ల బూటుతో ఆయన కాలిని త్రొక్కెను. ఈ దినములలో తోడునీడగా నుండినవారిలో వెండెల్ స్మిత్ అను నల్లజాతి విలేఖరి యొకడు. రాబిన్సన్ పేరును రికీకి సూచించినవాడు ఆతడే.

154 ఆటల ఋతువున రాబిన్సన్ 151 ఆటలాడి 125 పరుగులు చేసెను; ఆయన బ్యాటింగు సగటు నూటికి ఇంచుమించు ముప్పది, ఆ క్రీడలో అది గొప్ప లెక్క. డాడ్జర్స్ 94 ఆటలు గెలిచి, కార్డినల్స్‌కంటె ఐదాటలు ముందై, నేషనల్ లీగు పతాకము నెత్తిరి. ఎబెట్స్ ఫీల్డునకు ఆ యేడు 18 లక్షలకు పైగా ప్రేక్షకులు వచ్చిరి. జూలైలో క్లీవ్‌లాండ్ జట్టు లారీ డోబీని చేర్చుకొని రెండవ లీగు తలుపును తెఱచెను. మన దేశమున స్వాతంత్ర్యధ్వజ మెగిరిన పదునొకండు దినములకు, ఆగస్టు 26వ తేదీన, డాన్ బాంక్‌హెడ్ అను మఱియొక నల్లవాడు బ్రూక్లిన్ పక్షమున బంతి విసరెను. కడపట యాంకీస్‌తో జరిగిన ప్రపంచ పోటీలో డాడ్జర్స్ ఏడాటలవఱకు పోరాడి ఓడిరి. ఉత్తమ నూతన క్రీడాకారుని బహుమానము రాబిన్సన్‌కు దక్కెను.

ఈ విజయమునకు మూల్యము చెల్లించినవారు వేఱొకరును గలరు. నల్లజాతి ప్రేక్షకులు తమవానిని చూచుటకు డాడ్జర్స్ ఆటలకు పోజొచ్చిరి. నల్లవారే నడుపుకొను జట్ల పెట్టెలు వట్టిపోయెను. వారి నేషనల్ లీగు 1948తో మూతపడెను. తలుపు తెఱచినవారు ఆటగాండ్రను లోనికి బిలిచిరిగాని, వారిని పెంచిన యజమానులను, మేనేజర్లను పిలువలేదు.

1949లో రాబిన్సన్ నోటికి విడుదల కలిగెను. ఆ యేడు ఆయన బ్యాటింగు లీగులోనెల్ల మిన్న. అత్యుత్తమ క్రీడాకారుని బహుమానమును బడసెను. తప్పు తీర్పునకు వాదించెను, తిట్టినవానిని తిట్టెను. నిన్నటి దనుక ఓర్పును మెచ్చిన పత్రికలు కొన్ని ఆయన కృతఘ్నుడని, జగడగొండి యని వ్రాయసాగెను. ఆ జూలైలోనే కాంగ్రెసు విచారణసంఘమునెదుట గాయకుడు పాల్ రోబ్సన్‌కు ప్రతికూలముగా సాక్ష్యమిచ్చెను. వర్ణభేదమును గూడ అచ్చట ఖండించెను గాని పత్రికలకు మొదటి భాగమే రుచించెను. అవసానకాలమున తిరిగి అట్టి పిలుపు వచ్చినచో తిరస్కరించెద నని ఆయన వ్రాసెను.

1955లో బ్రూక్లిన్‌కు ప్రపంచ పతాకము వచ్చెను. 1957 ఆరంభమున ఆయన ఆట విరమించెను. ఆ యేటి చివర డాడ్జర్స్ బ్రూక్లిన్‌ను వీడి లాస్ ఏంజెలిస్‌కు తరలిరి. 1960లో ఎబెట్స్ ఫీల్డును పడగొట్టిరి. హార్లెమ్‌లో నల్లవారి బ్యాంకు స్థాపనకు, మార్టిన్ లూథర్ కింగ్ ఉద్యమమునకు రాబిన్సన్ తోడ్పడెను. 1972లో వెలువడిన ఆత్మకథలో, జాతీయగీతము వినబడునపుడు తాను లేచి నిలిచి పాడజాలనని వ్రాసెను. ఇరువదియైదేండ్ల ఓర్పు కథను మాత్రమే వినగోరినవారి చెవుల కది కర్కశముగా తోచెను.

ఆ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన సిన్సినాటిలో ప్రపంచ పోటీ సందర్భమున ఆయనకు సన్మానము జరిగెను. మధుమేహముచే చూపు మందగించి, జుట్టు నెఱసి, ఏబదిమూడేండ్లకే వృద్ధుడుగా నుండెను. వందనములు చెప్పి, ఒక నల్లవాడు జట్టునకు మేనేజరుగా నుండుట చూడవలెనని తనకు కోరికగా నున్నదని సభలోనే ప్రకటించెను. తొమ్మిది దినములకు, అక్టోబరు 24వ తేదీన, కన్నుమూసెను. 1974లో క్లీవ్‌లాండ్ జట్టువారు ఫ్రాంక్ రాబిన్సన్ అను నల్లజాతి ఆటగానిని మేనేజరుగా నియమించి, 1975లో ఆట నడిపించిరి.