అమ్మకం తెలిసిన నటుడు: జాక్ లెమ్మన్

జాక్ లెమ్మన్ పుట్టింది ఆస్పత్రి లిఫ్ట్‌లో. 1925 ఫిబ్రవరి 8న, అమెరికాలో బోస్టన్ పక్కనున్న న్యూటన్ అనే ఊళ్ళో. లేబర్ రూమ్ దాకా కూడా ఆగలేదన్నమాట! ఒక్కడే కొడుకు. వాళ్ళ నాన్న డోనట్లు తయారుచేసే పెద్ద కంపెనీలో సేల్స్ మనిషి, తర్వాత అదే కంపెనీలో సేల్స్ వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి. ఆయన గురించి రాసేవాళ్ళు చాలామంది లిఫ్ట్ దగ్గర ఆగి నవ్వి ముందుకెళ్ళిపోతారు. నాకైతే డోనట్ల సంగతే ముఖ్యం అనిపించింది.

చిన్నప్పుడు చెవులకి ఆపరేషన్లు, ఆస్పత్రుల్లో నెలలకి నెలలు. ఎనిమిదేళ్ళకే యాక్టర్ అవ్వాలని నిర్ణయించుకున్నానని తర్వాత చెప్పుకున్నాడు. పియానో సొంతంగా నేర్చుకున్నాడు. ఆండోవర్‌లో స్కూలు, ఆ తర్వాత హార్వర్డ్. అక్కడ చదువు కంటే నాటకాల క్లబ్బులోనే ఎక్కువ టైమ్ గడిపాడు (మన క్లబ్బులో ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో అటెండెన్స్ రిజిస్టర్‌కే తెలియాలి). రెండో ప్రపంచ యుద్ధం ఆఖర్లో కొన్నాళ్ళు నేవీలో పనిచేశాడు.

డిగ్రీ అయ్యాక న్యూయార్క్ వెళ్తానని నాన్నని 300 డాలర్లు అప్పడిగాడు. ఈ సంగతి లెమ్మన్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. నాన్న డబ్బు ఇచ్చే ముందు ఒక్కటే అడిగాడట, ఆ పనంటే నీకు నిజంగా ప్రేమేనా అని. అవునన్నాడు కొడుకు. సరే అయితే వెళ్ళు, బ్రెడ్డు ముక్కని చూసినప్పుడు నాకు మనసు పొంగడం ఆగిపోయిన రోజు నేనూ ఈ వ్యాపారం మానేస్తాను అన్నాడట ఆ పెద్దమనిషి. డోనట్లు అమ్మేవాడికి కూడా అంత ఇష్టం ఉంటుందా అని మనకి వింతగా ఉంటుంది. కానీ ఆ ఇంట్లో పెరిగాడు కాబట్టే అమ్మేవాడి మనసు లెమ్మన్‌కి లోపలి నుంచి తెలుసని నా నమ్మకం.

న్యూయార్క్‌లో బీర్ హాల్లో పియానో వాయించాడు, రేడియోలో, లైవ్ టీవీలో వందల కొద్దీ చిన్న వేషాలు వేశాడు. 1954లో మొదటి పెద్ద సినిమా, జూడీ హాలిడే పక్కన 'ఇట్ షుడ్ హ్యాపెన్ టు యు'. డైరెక్టర్ జార్జ్ క్యూకర్ ప్రతి టేక్ తర్వాతా కొంచెం తగ్గించు, ఇంకొంచెం తగ్గించు అనేవాడట. విసిగిపోయి, అసలు నటించొద్దంటారా ఏంటి అని లెమ్మన్ అడిగితే, హమ్మయ్య ఇప్పటికి అర్థమైంది అన్నాడట క్యూకర్. మరుసటి ఏడాదే 'మిస్టర్ రాబర్ట్స్'. దానికి సహాయ నటుడిగా ఆస్కార్.

తర్వాత బిల్లీ వైల్డర్ దొరికాడు. 1959లో 'సమ్ లైక్ ఇట్ హాట్'లో ఆడవేషం వేసి ప్రపంచాన్ని నవ్వించాడు. దాని గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను రాయను. నేను చెప్పాల్సింది 1960 నాటి 'ది అపార్ట్‌మెంట్' గురించి. బాక్స్‌టర్ అనే గుమాస్తా. కనుచూపు మేర టేబుళ్ళు ఉన్న ఇన్సూరెన్స్ ఆఫీసులో ఒకడు. ప్రమోషన్ కోసం తన ఫ్లాట్ తాళంచెవి బాసులకి ఇస్తుంటాడు, వాళ్ళు అక్కడ చాటుమాటు వ్యవహారాలు నడుపుకుంటారు. జలుబుతో వీధిలో నిలబడి, తన ఇంట్లోకి తను వెళ్ళడానికి ఎదురుచూస్తాడు. అయినా మరుసటి రోజు ఆఫీసులో ఆ బాసుల ముందు నవ్వుతాడు. ఆ నవ్వే లెమ్మన్ అసలు సరుకు. నన్ను ఇష్టపడండి, ప్లీజ్, నన్ను కాదనకండి అన్నట్టు ఉంటుంది. ఆ నవ్వు చూసి మనమూ నవ్వుతాం, ఎక్కడో కొంచెం గుచ్చుకుంటుంది కూడా.

1962లో 'డేస్ ఆఫ్ వైన్ అండ్ రోజెస్'. ఇందులో ఆయన పబ్లిక్ రిలేషన్స్ ఉద్యోగి, అంటే మళ్ళీ ఇంకోరకం సేల్స్. తాగుడులో తనూ మునిగి భార్యనీ ముంచుతాడు. ఇది జరిగిన ముప్పై ఆరేళ్ళకి, 1998లో, యాక్టింగ్ స్టూడెంట్ల ముందు జరిగే ఒక టీవీ ఇంటర్వ్యూలో ఈ సినిమా గురించి మాట్లాడుతూ మామూలుగా చెప్పేశాడు, తను కూడా తాగుడుకు బానిసైనవాడినేనని. అడుగుతున్నాయన పాత్ర గురించి అనుకున్నాడు. కాదు, నా గురించే అన్నాడు. రెండు పెళ్ళిళ్ళు, ఇద్దరు పిల్లలు, వాల్టర్ మాథౌతో కలిసి బోలెడు కామెడీలు. బయటికి కనపడేది ఇదంతా.

1973లో 'సేవ్ ది టైగర్' అనే సినిమా తియ్యడానికి ఎవరూ ముందుకు రాకపోతే, తన రేటు వదులుకుని యూనియన్ కనీస వేతనానికి చేశాడు. అందులో బట్టల ఫ్యాక్టరీ ఓనర్, అప్పుల్లో ఉంటాడు. ఇన్సూరెన్స్ డబ్బు కోసం గోడౌన్‌కి నిప్పు పెట్టించాలని చూస్తాడు. మా నాన్న బీమా ఏజెంట్. ఈ కథ చెప్తే ఆయన మొదట అడిగింది, సర్వేయర్ పట్టుకోలేదా అని! ఆ సినిమాకి లెమ్మన్‌కి ఉత్తమ నటుడి ఆస్కార్ వచ్చింది. సహాయ నటుడిగా, ప్రధాన నటుడిగా రెండూ గెలిచిన మొదటి మగ నటుడు ఆయనే. ఆ తర్వాత 'ది చైనా సిండ్రోమ్', 'మిస్సింగ్', రెండిటికీ కాన్ ఫెస్టివల్లో అవార్డులు. అణు కేంద్రంలో ప్రమాదం గురించిన 'చైనా సిండ్రోమ్' 1979 మార్చి 16న రిలీజయితే, 12 రోజులకి త్రీ మైల్ ఐలండ్‌లో నిజంగానే ప్రమాదం జరిగింది.

ఇక 1992. 'గ్లెన్‌గారీ గ్లెన్ రాస్'.

మనలో చాలామందికి ఈ సినిమా ఒక క్లిప్‌గా తెలుసు. అలెక్ బాల్డ్‌విన్ సూటేసుకుని వచ్చి సేల్స్‌మెన్‌ని ఏడు నిమిషాలు తిడతాడు. ఈ నెల ఫస్ట్ వచ్చినవాడికి కాడిలాక్ కారు, సెకండ్ వస్తే కత్తుల సెట్టు, మూడోవాడికి ఉద్యోగం ఊస్ట్. దాన్ని మోటివేషన్ వీడియో అని షేర్ చేస్తారు. అసలు నాటకంలో ఆ పాత్రే లేదు. డేవిడ్ మామెట్ తన నాటకాన్ని సినిమాకి మార్చేటప్పుడు కొత్తగా రాశాడు. ఆ నాటకానికి 1984లో పులిట్జర్ వచ్చింది. మామెట్ కుర్రాడిగా ఉన్నప్పుడు షికాగోలో రియల్ ఎస్టేట్ ఆఫీసులో పనిచేశాడు, ఆ భాష అక్కడిదే. వీళ్ళు అమ్మేది ఎక్కడో దూరంగా ఉన్న స్థలాలు, పేపర్ మీద మాత్రం స్వర్గాలు. మన హైవేల పక్కన వెంచర్ల ఫ్లెక్సీలు చూసినవాళ్ళకి వేరే వివరణ అక్కర్లేదు.

మా మావయ్య అమెరికా నుంచి తెచ్చిన పాత డీవీడీల డబ్బాలో ఈ సినిమా దొరికింది. మన ల్యాప్‌టాప్‌లకి డ్రైవ్ లేదు కదా, ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొని మరీ చూశా. ఈసారి ఆ తిట్ల సీన్‌లో బాల్డ్‌విన్‌ని వదిలేసి లెమ్మన్‌ని చూడండి. ఆయన షెల్లీ లెవీన్. ఒకప్పుడు ఆఫీసులో నంబర్ వన్, మెషీన్ అని పేరు. ఇప్పుడు నెలల తరబడి ఒక్క అమ్మకం లేదు, కూతురు ఆస్పత్రిలో ఉంది. కాఫీ పోసుకోవడానికి లేస్తే, అమ్మినవాళ్ళకే కాఫీ, అది అక్కడ పెట్టు అంటాడు బాల్డ్‌విన్. పెట్టేస్తాడు. అరవై ఏడేళ్ళ లెమ్మన్ మొహంలో అప్పుడు కోపం కూడా ఉండదు. లెక్క ఉంటుంది, ఇప్పుడు ఎదురు తిరిగితే ఎంత నష్టం అని.

తర్వాత ఫోన్ బూత్. బయట వాన. విమానం ఎక్కబోతున్న పెద్ద మనిషిలా మాట్లాడుతూ, పక్కన లేని సెక్రటరీని పేరు పెట్టి పిలిచి ఏదో పని చెప్తాడు. గొంతు బంగారం. ఫోన్ పెట్టగానే మొహం రాలిపోతుంది. మేనేజర్‌గా వేసిన కెవిన్ స్పేసీని మంచి లీడ్స్ కోసం, అంటే కొనే అవకాశం ఉన్నవాళ్ళ పేర్ల కార్డుల కోసం బతిమాలుతాడు. కమీషన్‌లో వాటా ఇస్తానంటాడు. క్యాష్ ముందే పెట్టమంటే జేబులో సరిపడా లేదు. 1986లో బ్రాడ్‌వే నాటకంలో వీళ్ళిద్దరూ తండ్రీకొడుకులుగా వేశారని తెలిశాక ఈ సీన్ నాకు ఇంకా బరువుగా అనిపించింది.

దసరా సెలవుల్లో దీన్ని నాన్నతో కలిసి చూశా. నెలాఖరు వస్తే నాన్న ఫోన్ గొంతు కూడా మారుతుంది. అందరూ బాబాయ్ గార్లు, అన్నయ్య గార్లు అయిపోతారు. అన్నం చల్లారిపోతుంది. ఫోన్ బూత్ సీన్‌కి నేను నవ్వబోయా, నాన్న నవ్వలేదు. లెవీన్ తడిసిన కోటుతో ఒకాయన ఇంట్లోకి దూరే సీన్ ఉంది. ఆయన మర్యాదగా తలుపు వైపు నడిపిస్తుంటే, ఈయన నవ్వుతూ లోపలికే జరుగుతుంటాడు. గడప దాటినప్పుడే పని అవ్వదని ఆ మనిషికి తెలిసిపోయింది, అయినా వెళ్ళక తప్పదు అన్నాడు నాన్న. కాసేపాగి, ఆ యాక్టర్‌కి వయసెంత అని అడిగాడు. చెప్పాను. నాన్నకి 52. ఇంకేం మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున ఆఫీసులో లెవీన్ పెద్ద డీల్ కొట్టానంటూ వచ్చి గంతులేస్తాడు. బాక్స్‌టర్ నవ్వు ముప్పై రెండేళ్ళు ముదిరితే ఎలా ఉంటుందో అక్కడ చూడాలి. ఆ తర్వాత జరిగేది చెప్పను, స్పాయిలర్.

బడ్జెట్ తక్కువని యాక్టర్లు చాలామంది పారితోషికం తగ్గించుకున్నారు. తమ సీన్ లేని రోజు కూడా సెట్‌కి వచ్చి మిగతావాళ్ళని చూసేవాళ్ళట. కోటీ పాతిక లక్షల డాలర్లు పెడితే అమెరికాలో అంత కూడా రాలేదు. వెనిస్‌లో లెమ్మన్‌కి ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. ఆస్కార్ నామినేషన్ మాత్రం పచీనోకి వెళ్ళింది, లెమ్మన్‌కి రాలేదు. నా వరకు అది అన్యాయమే. 'ది సింప్సన్స్' కార్టూన్‌లో ఎప్పుడూ ఏదో ఒకటి అమ్మలేక ఏడ్చే గిల్ అనే పాత్ర లెవీన్ నుంచే పుట్టింది.

1998 గోల్డెన్ గ్లోబ్స్‌లో గెలిచింది వింగ్ రేమ్స్. ఆయన లెమ్మన్‌ని స్టేజీ మీదకి పిలిచి తన అవార్డు చేతిలో పెట్టేశాడు. తిరిగిచ్చినా తీసుకోలేదు. 1999లో 'ట్యూస్‌డేస్ విత్ మోరీ'లో చావు దగ్గరపడ్డ ప్రొఫెసర్‌గా వేసి ఎమ్మీ అందుకున్నాడు. 2000 జులైలో మాథౌ పోయాడు. ఏడాది తిరక్కుండానే, 2001 జూన్ 27న లాస్ ఏంజెలెస్‌లో క్యాన్సర్‌తో లెమ్మన్ కూడా. వయసు 76. మాథౌ ఉన్న వెస్ట్‌వుడ్ శ్మశానంలోనే ఆయన సమాధి. దాని రాయి మీద సినిమా టైటిల్స్‌లో వేసినట్టు పేరు, కింద 'ఇన్' అన్న చిన్న ముక్క. సినిమా పేరు రావాల్సిన చోట గడ్డి.

డీవీడీ, డ్రైవ్ రెండూ నా దగ్గరున్నాయి. ఎవరికైనా కావాలంటే క్లబ్ మీటింగ్‌లో అడగండి. ముందు 'ది అపార్ట్‌మెంట్' చూసి, ఆ తర్వాత దీన్ని చూడండి.